తాడు మీద చెయ్యి

తరగతిలో అర్థం కానిది తనొక్కడికేనా? చిన్నపోలయ్య మూడేళ్లుగా మోస్తున్న అనుమానం ఇది. ఎవరినీ అడగలేదు. అడిగితే చేపలవాళ్ల పిల్లోడికి కాలేజీ ఎందుకంటారని భయం.

ఆ రోజు ఫిజిక్సు లెక్చరరు ఇంగ్లీషులో పాఠం గడగడా చదివేస్తుంటే నాగుల్ మీరా లేచాడు.

"సార్, ఒక్కసారి తెలుగులో చెప్పండి."

"తెలుగు కావాలంటే వీధిబడికి పోవయ్యా!"

"తెలుగోళ్లకని రాష్ట్రమొచ్చి ఏడేళ్లయింది సార్. ఈ గేటు దాటి లోపలికి రాలేదే!"

సాయంత్రానికి నోటీసు అంటించారు. క్షమాపణ రాసివ్వకపోతే మీరాకు కాలేజీలో చోటు లేదు.

మీరా నెల్లూరు దర్జీ కొడుకు. కాలేజీలో చేరిన మొదటి ఏడు చిన్నపోలయ్య ఊరు మైపాడు చూడవచ్చి, ఒడ్డున అలివి వల లాగేవాళ్లతో కలిసి తాడు పట్టాడు. తాడు మీద చెయ్యి వేసినవాడికి చేపల్లో వాటా ఇవ్వడం ఆ పల్లె కట్టుబాటు. "ఒక్క పట్టుకే వాటా ఏందమ్మా!" అని నవ్వి బస్సెక్కాడు. ఆ వాటా ఉండిపోయిందని చిన్నపోలయ్య తల్లి నాగులమ్మ ఇప్పటికీ నొచ్చుకుంటుంది.

హాస్టలు వరండాలో అందరూ గుమిగూడారు.

"స్కాలర్‌షిప్పు పీకేస్తే మా నాయన చంపేస్తాడు."

"ఇంగ్లీషు లేకుంటే ఉద్యోగం ఎవడిస్తాడ్రా?"

"ఇంగ్లీషు వద్దన్నానా?" అన్నాడు మీరా. "పాఠం అర్థం కావాలన్నా."

చిన్నపోలయ్య ముందుకొచ్చాడు. "నిన్నటి పాఠం ఎవరికి అర్థమైందో చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఎప్పుడూ ఫస్టొచ్చే జయకుమార్ తల దించుకున్నాడు. "నేను బట్టీ పడతా అంతే."

మర్నాడు గేటు దగ్గర పోలీసు వ్యాను నిలిచి ఉంది. "వాణ్ణి వదిలేసి మిగతావాళ్లు లోపలికి పొండి. లేకుంటే అందరి పేర్లూ కొట్టేస్తా!" ప్రిన్సిపాలు అరిచాడు.

చిన్నపోలయ్య గేటు వంక చూశాడు. పేరు కొట్టేస్తే మళ్లీ వల దగ్గరికే. గంగమ్మతల్లీ, నువ్వు ఏ భాషలో మొక్కినా వింటావే, వీళ్లకేమైంది? కళ్లు మూసుకుని మీరా చెయ్యి పట్టుకున్నాడు. చిన్నపోలయ్య రెండో చెయ్యి జయకుమార్ పట్టుకున్నాడు. ఆ తర్వాత మరొకరు, ఇంకొకరు. వరస గేటుకు అడ్డంగా సాగింది. అందరి చేతులూ బిగిశాయి. ఒక్కటీ విడలేదు.

లాఠీలు కదిలాయి. మైపాడు బస్సు దిగి బజారుకు పోతున్న నాగులమ్మ చేపలగంపతో మధ్యలోకి వచ్చేసింది.

"ఏందిరా ఇది, అబ్బయా?"

"మీరాను వెళ్లగొడతన్నారమ్మా. మేం వదలం."

ఆమె పోలీసులను చూసింది. పెదవులు పాలిపోయాయి. అయినా గంప దించి, పెద్ద వంజరం చేప తీసి మీరా ముందు పట్టింది.

"ఆనాటి వాటా. ఈసారన్నా కాదనబాక నాయనా."

మీరా ఎడమచెయ్యి చిన్నపోలయ్య పిడికిట్లోనే ఉంది. కుడిచేత్తో చేప అందుకున్నాడు.