మధ్యాహ్నం వేళ ఈల వేస్తే

భోజనాలయ్యాక ఆ ఊళ్ళో కుక్కలు కూడా మొరగవు. ఎండ అలాంటిది. ఊరంతా తలుపులు బిగించుకుని నడుం వాలుస్తుంది. ఆ వేళప్పుడు వీధిలో కనిపించేవాడు పిచ్చివాడైనా అయి ఉండాలి, జాసీ జాతెరే అయినా అయి ఉండాలి. బంగారు రంగు జుట్టు, చేతిలో బంగారు కర్ర, పసివాడంత ఎత్తు. ఈల వేసుకుంటూ తిరుగుతాడు, పడుకోని పిల్లల్ని అడవిలోకి పట్టుకుపోతాడు. పరాగ్వేలో ఈ కథ వినకుండా పెరిగిన పిల్ల లేదు. పిల్లలకది కథ, తల్లులకది గొళ్ళెం.

నిమియా విషయంలో ఆ గొళ్ళెం తల్లికే పడింది. తల్లి అని మర్యాదకు అనడమే గానీ నిమియా ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలకు సవతి తల్లి. మొదటి భార్య సుల్మా పోయి ఏడాది తిరక్కముందే ఎలిహియో నిమియాను చేసుకున్నాడు. "పిల్లలకి తల్లి కావాలి" అన్నాడు. తనకు భార్య కావాలని పొరపాటున కూడా అనలేదు. పెళ్ళయిన వారానికే పిల్లల్ని ఆమెకు అప్పగించి పరానా నది మీద సరుకు పడవల్లో పనికి పోయాడు. ఎప్పుడో వస్తాడు, ఉన్నన్నాళ్ళూ నిద్రపోతాడు, మళ్ళీ పోతాడు. మగమహారాజు!

మిగిలింది అత్తగారు, దోన్యా హెర్మెలిందా. నిమియా మంచి కుట్టుపనిమంతురాలు, పుట్టింటినుంచి మిషను తెచ్చుకుంది. ఆ చప్పుడుకు అత్తగారికి తలనొప్పి వచ్చింది. దాంతో మిషను వసారాలో దుప్పటి కిందికి చేరింది. నిన్న ఆ దుప్పటి కింద చూస్తే ఏమీ లేదు.

"మిషనేదత్తయ్యా?"

"ఎదురింటావిడకిచ్చా. కూతురు నేర్చుకుంటుందిట. ఊరికే పడుంది కదా, నీకేం పని దాంతో?"

ఆ రాత్రే నిమియా నాలుగు బట్టలు సంచీలో కుక్కి వంటింటి వెనక కట్టెల చాటున దాచింది. ఇతాగువాలో అక్క ఉంది, అక్క కుట్టు దుకాణంలో ఎప్పుడు వెళ్ళినా కుర్చీ ఉంది. బస్సు మధ్యాహ్నం అందరూ పడుకున్న వేళ కూడలికి వస్తుంది, ఓసారి హారన్ కొట్టి పోతుంది. ఎక్కడికమ్మా అని అడిగే నాథుడుండడు. కావలసిందల్లా ఒక్కటే, పెద్దపిల్ల అనాహీ నిద్రపోవాలి.

అక్కడే వచ్చింది చిక్కు. చిన్నవాడు తితో పాపం బంగారు కొండ, కథ మొదలెట్టకముందే గుర్రు పెడతాడు. అయిదేళ్ళ అనాహీ అలా కాదు. వచ్చిన కొత్తలో నిమియా ఎంతో ముచ్చటపడి, తన అమ్మమ్మ చెప్పిన చిలక కథ, నక్క పులికి టోపీ పెట్టిన కథ, అన్నీ తీసింది. పిల్ల అన్నిటికీ తల అడ్డంగా ఊపింది.

"అది కాదు పిన్నీ. అమ్మ చెప్పేది."

"రోజూ ఆ ఈల దొంగవెధవ కథేనా తల్లీ?"

"అదే. సరిగ్గా చెప్పు. 'తేనె పెడతాడు' కాదు, 'పిల్లలకి అడవి తేనె నాకిస్తాడు' అనాలి."

ఒక్క మాట తేడా వస్తే మళ్ళీ మొదటికి. పోయిన మనిషి మాటల్ని నోట్లో వేసుకుని రోజూ నమలడం నిమియాకు తల ప్రాణం తోకకు తెచ్చేది. దానికి తోడు పిల్ల ఆమె జడను తన మణికట్టుకు చుట్టుకుని పడుకునేది. కళ్ళు మూసుకుని ఉంటుంది, ఊపిరి మెల్లగా ఆడుతూ ఉంటుంది, హమ్మయ్య అని నిమియా తల ఎత్తబోతే చాలు, పిడికిలి బిగుసుకుంటుంది. ఇది పిల్లా, పోలీసా అని ఎన్నిసార్లో తిట్టుకుంది.

ఇవాళా అంతే. జడ చుట్టేసింది. నిమియా కథ మొత్తం ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది. వసారాలో ఉయ్యాల మంచం మీద అత్తగారి గురక మొదలైంది. నిమియా తల కదిపింది. పిడికిలి బిగిసింది. కాసేపాగి మళ్ళీ కదిపింది. మళ్ళీ బిగిసింది. బస్సు వచ్చే వేళవుతోంది, ఒళ్ళంతా చెమట. ఈ మంచం మీదే ముసలిదాన్నవుతాను, ఈ జడ ఈ పిల్ల చేతిలోనే నెరుస్తుంది అనిపించింది.

అప్పుడొక పాడు పని చేసింది. ఆ దేశంలో బుద్ధున్నవాళ్ళెవరూ చెయ్యని పని. భయపెడితేనన్నా కళ్ళు గట్టిగా మూసుకుని నిద్రలోకి జారుతుందని, పెదాలు సున్నాలా చుట్టి, కిటికీ వైపు తిరిగి, సన్నగా ఈల వేసింది.

పిల్ల కెవ్వుమనలేదు. చటుక్కున లేచి నిమియా మీదికెక్కి, చేతులు రెండూ చాపి, బోర్లా పడుకుంది. చిన్న గుండె ఆమె గుండె మీద టపటపా కొట్టుకుంటోంది.

"పడుకుంది! మా పిన్ని పడుకుంది! నేనూ పడుకున్నా! తీసుకెళ్ళకు!" అని కిటికీకేసి గొంతు చించుకుని అరిచింది.

నిమియా పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. "అనాహీ... ఏమిటమ్మా ఇది?"

"కళ్ళు మూసుకో పిన్నీ, చూస్తాడు! ఆ రోజు నేను పడుకోలేదు. మామిడికాయలకి పోయా. వాడు నాకోసం వచ్చి అమ్మని పట్టుకుపోయాడు. అమ్మ జడ ఎవరూ పట్టుకోలేదు."

"ఎవరు చెప్పారు నీకు?"

"నానమ్మ."

ఈలకు మెలకువ వచ్చి, అరుపు విని దోన్యా హెర్మెలిందా గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. జుట్టు చెదిరి ఉంది. "ఎవరే ఈ వేళప్పుడు ఈల వేసింది?" అనబోయింది, పిల్ల మాట చెవిన పడి ఆగిపోయింది.

"అన్నారా అత్తయ్యా?"

ముసలామె గోడ పట్టుకుంది. "సుల్మాని మోసుకుపోతున్నారు. ఇది కాళ్ళకడ్డం పడి అమ్మకేమైందని అడుగుతోంది. ఏం చెప్పను? 'పడుకోకపోతే ఇంతే, వాడొచ్చాడు, లోపలికి పో' అన్నా. పిల్లలతో అనే మాటే కదే." ఆమె మొహం కిందికి దించుకుని వసారాలోకి వెళ్ళిపోయింది.

అంటే ఇన్నాళ్ళూ పిల్ల నిద్రపోలేదు. నిద్రపోకపోతే వాడొస్తాడు, నిద్రపోతే పిన్నిని పట్టుకునేవాళ్ళుండరు. అందుకని కళ్ళు మూసుకుని మేలుకుని కాపలా కాసింది. నిమియాకు తన మీద తనకే రోత పుట్టింది. పిల్లను పక్కకు దింపి, తనూ లేచి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"విను తల్లీ. ఈల వేసింది నేనే. మీ అమ్మనెవరూ పట్టుకుపోలేదు. అమ్మకి గుండె జబ్బు. నువ్వు మామిడికాయలకి పోయినా, మంచం మీదున్నా, అది ఆగిపోయేదే. నీ తప్పు పిసరంత కూడా లేదు."

నిమియా అనుకున్నట్టు అనాహీ మొహం తేలిక పడలేదు, ఇంకా నల్లబడింది.

"అంటే పడుకున్నా పోతారా?"

నిమియా పిల్ల నుదుటి చెమట తుడిచింది.

"జడ పట్టుకున్నా పోతారా? అయితే నువ్వు కూడా పోతావా పిన్నీ?"

"నేనెక్కడికీ పోను" అనేసింది నిమియా. నోరు తనదే, మాట ఎలా వచ్చిందో తెలియలేదు.

"ఒట్టు?"

"ఒట్టు."

"అలా కాదు. శిలువ."

నిమియా రెండు వేళ్ళు శిలువలా పెట్టి ముద్దు పెట్టుకుంది. అనాహీ ఆ వేళ్ళను పరీక్షగా చూసింది. తర్వాత తమ్ముడి పక్కన వాలి, ఈసారి జడ ఊసెత్తకుండా, నిమిషంలో నిద్రపోయింది. దొంగనిద్ర కాదు. నోరు తెరుచుకుంది, చెయ్యి మంచం మీంచి వేలాడింది.

కూడలిలో హారన్ మోగింది. బస్సు ఇంజను ఆపకుండా ఆగింది. తలుపు దగ్గరగానే వేసి ఉంది, వసారాలో అలికిడి లేదు. పరుగెత్తితే అందుతుంది. నిన్న రాత్రి సంచీ సర్దుతూ ఆమె ఊహించుకున్నదీ ఇలాగే, ఇంత సులువుగానే.

నిమియా కాళ్ళు కింద పెట్టింది. పిల్ల చేతిని ఎత్తి మంచం మీద పెట్టింది. అక్కడే కూర్చుండిపోయింది. బస్సు గేరు మార్చుకుని వెళ్ళిపోయే చప్పుడు పూర్తిగా అణిగేదాకా విని, పిల్ల నిద్ర చెడకుండా దుప్పటి కొస నోట్లో కుక్కుకుని ఏడ్చింది.