వేడి తాగే కాళ్ళు

పెంగ్ యాజెన్ వెదురు పుల్ల మొనతో సర్క్యూట్ బోర్డు మీద ఒక్కో రంధ్రాన్నీ తాకుతూ రెండోసారి లెక్కపెట్టింది. నలభై ఆరు. కంప్యూటరు కూడా నలభై ఆరే అంటోంది. అది అరనిమిషంలో చెప్పింది, ఆమెకు పావుగంట పట్టింది. ఇద్దరి లెక్కా కలిసినందుకు ఆమెకేమీ సంతోషం కలగలేదు. అంకెలు కుదిరిన చోటే కొంపలు మునగడం ఆమె ఒకసారి చూసింది.

మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు తీసి నీలిరంగు ఫ్యాక్టరీ చొక్కా అంచుతోనే తుడుచుకుంది. పొట్టి మనిషి. ముప్పై ఒక్కేళ్ళు బోర్డుల మీదికి వంగి వంగి భుజాలు ముందుకొచ్చి అలాగే నిలిచిపోయాయి. కుడి చూపుడువేలి మీద నున్నగా మెరిసే మచ్చ ఉంది, చేత్తో టంకం పెట్టే చేతిబల్ల దగ్గర పనిచేసిన రోజుల్లో కాలిన చోటు. జుట్టుకు నల్లరంగు వేసుకుంటుంది గానీ పాపిట దగ్గర తెలుపు ఎప్పుడూ ఆమెకంటే వారం రోజులు ముందే ఉంటుంది. బల్ల మీద చేమంతి పూలు వేసిన వేణ్ణీళ్ళ సీసా, బల్ల కింద ఒక సంచీ, అట్టపెట్టెలో కట్టిన అన్నం కుక్కరు. అంతే ఆమె సామాను.

నిన్నటితో యాభై నిండాయి. సర్కారు రూలు ప్రకారం పనివాళ్ళలో ఆడవాళ్ళకు యాభై నిండితే ఇంటికే. కాగితాలన్నీ పోయినవారమే అయిపోయాయి. సాయంత్రం ఆరున్నరకు హెంగ్‌యాంగ్ వైపు రైలు. అక్కడ మొగుడున్నాడు. ఒకప్పుడు ఇదే వీధిలో క్యాంటీన్ వంటవాడు, నడుము పట్టేసి నాలుగేళ్ళ కిందట ఊరెళ్ళి మిరపతోట వేసుకున్నాడు. బోర్డులకు ధర కట్టే ఆమె స్థానంలో ఇంకో మనిషిని పెట్టడం లేదు. బోర్డు బొమ్మ తినిపిస్తే ధర కక్కే ప్రోగ్రామొకటి కొన్నారు. దానికి యాభై నిండవు, మెడ నొప్పి రాదు.

ఇక్కడ బోర్డు అతికే ఖర్చును చుక్కల్లో కడతారు. రంధ్రంలో దిగే ఒక్కో విడిభాగపు కాలికి పెట్టే టంకం ఒక చుక్క. సన్నవి యంత్రం అతుకుతుంది, వాటి ధర వేరు. యంత్రానికి చిక్కని లావుపాటి భాగాలు చేతిబల్లకు వస్తాయి. ఆ బల్ల దగ్గర ఎనిమిది మంది ఆడవాళ్ళు, వాళ్ళ కూలి కొటేషన్ కాగితంలో యాజెన్ వేసిన చుక్కల ప్రకారమే వస్తుంది. కాగితం మీద చుక్క తగ్గితే కొన్నవాడికి లాభం, ఓనరుకు ఆర్డరు. తేడా అంతా ఆ ఎనిమిది మంది మణికట్ల మీద పడుతుంది.

ఈ బోర్డు కోల్డ్ స్టోరేజీ ఫ్యాన్లది. రెండువేల బోర్డులు. నాలుగింటికల్లా ధర చెప్పాలి.

యాజెన్ లేచి బోర్డును ట్యూబులైటుకు ఎదురుగా పట్టింది. రాగి లేనిచోట ఆకుపచ్చగా వెలుతురు దిగింది, రాగి ఉన్నచోట చీకటి. మామూలు కాలికి చుట్టూ కాస్త ఖాళీ, నాలుగు సన్నని రాగి పోగులు ఉండాలి. అప్పుడు టంకం పెట్టే ఐరన్ వేడి కాలి దగ్గరే నిలుస్తుంది. ఇందులో కొన్ని కాళ్ళ రంధ్రాలకు ఆ ఖాళీయే లేదు, ఏకంగా వెడల్పాటి రాగి రేకు మధ్యలోనే ఉన్నాయి. అలాంటి కాలు ఎంత వేడి ఇచ్చినా తాగేస్తుంది. ఆమె తెల్లరంగు పెన్నుతో ఒక్కోదాని పక్కనా గుర్తు పెట్టింది. పదకొండు తేలాయి.

"అనుకున్నా," అంది పైకే.

చేతిబల్ల దగ్గరికి వెళ్ళేసరికి వెయ్ ఐలియన్ ఐరన్ మొనను తడి స్పాంజి మీద తుడుస్తోంది. బల్లకు పెద్ద ఆమే. గువాంగ్‌షీ మనిషి, ముప్పై తొమ్మిదేళ్ళు, నోటికి తాళం లేదు.

"ఆఖరి రోజు కూడా బోర్డు పట్టుకు తిరుగుతున్నావేంటక్కా? పోయి జుట్టుకు రంగేసుకో. బావ గుర్తుపట్టక తలుపేసుకుంటాడు."

"ఆయనకు ఇప్పుడు మిరపకాయలు తప్ప ఏదీ కనిపించదులే. ఒకటి రెండు భాగాలు గుచ్చి ఇది అతుకు. నేను టైము చూస్తా."

ఆమె జేబులోంచి స్టాప్‌వాచీ తీసింది. మామూలు కాలికి ఐలియన్‌కు రెండు సెకన్లు పట్టింది. తెల్ల గుర్తు ఉన్న కాలి మీద ఐరన్ ఆనించింది. టంకపు తీగ కరగలేదు. పొగ లేచింది, ఐలియన్ పెదవులు బిగించింది. టంకం కాలి చుట్టూ నీళ్ళలా పారి రెండోవైపు దిగేసరికి తొమ్మిది సెకన్లు.

"పిశాచం," అంది ఐలియన్. "ఇలాంటివెన్ని?"

"పదకొండు."

"రెండువేల బోర్డులా?"

యాజెన్ తలూపింది. ఐలియన్ స్పాంజి మీద నీళ్ళు చల్లుకుంది, తల వంచి మళ్ళీ ఐరన్ అందుకుంది. ఆ వంచిన తలే యాజెన్‌ను పొడిచింది. సరిగ్గా ఇలాగే వంచిన తల పంతొమ్మిదేళ్ళ కిందట కూడా చూసింది.

కొటేషన్ బల్లకు వచ్చిన మొదటి ఏడాది అది. వెల్డింగ్ మిషన్ బోర్డు. బొమ్మ చూసి కాళ్ళు లెక్కపెట్టింది, వెలుతురుకు పట్టలేదు. పట్టాలని తెలియదు మరి. ఇరవై రోజులపాటు చేతిబల్ల ఆడవాళ్ళు భోజనం సగంలో వదిలి వచ్చి కూర్చున్నా సగం కూలి కూడా గిట్టలేదు. అప్పుడే కొత్తగా వచ్చిన ఇరవై ఏళ్ళ ఐలియన్‌ను నిదానపు చెయ్యి అని అప్పటి సూపర్‌వైజరు అందరి ముందూ నిలబెట్టి తిట్టాడు, బల్ల చివరకు పంపాడు. స్టోరులో టంకపు తీగ రెట్టింపు ఖర్చయిందని తెలిసినప్పుడు యాజెన్‌కు విషయం అర్థమైంది. తప్పు తన లెక్కది, ఆ పిల్ల చేతిది కాదు. ఆ మాట చెప్పడానికి రెండుసార్లు లేచి రెండుసార్లూ కూర్చుంది. కొత్తగా దొరికిన కొటేషన్ బల్ల పోతుందని భయం. ఆ భయం తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

ఓనరు గది తలుపు తెరిచే ఉంది. కె షావ్‌హోంగ్ చావ్‌జౌ మనిషి కాబట్టి వచ్చిన పని ఏదైనా ముందు టీ. గుక్కెడు పట్టే కప్పులో పోసి ఆమె ముందుకు తోశాడు.

"సాయంత్రం రైలు కదా పెంగ్ అక్కా, ఇంకా ఇక్కడేనా?"

"ఫ్యాను బోర్డు నలభై ఆరు కాదు ఓనరుగారూ. డెబ్భై తొమ్మిది."

ఆయన నవ్వాడు, ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు. "ఎనభైవేలు పెట్టి కొన్న ప్రోగ్రాము నలభై ఆరంటుంటే మీరు వెదురుపుల్లతో ముప్పై మూడు పెంచుతారా?"

"అది కాళ్ళే చూస్తుంది. రాగిని చూడదు. పదకొండు కాళ్ళు ఒక్కోటి నాలుగు కాళ్ళ పని. ఇప్పుడు నలభై ఆరే రాస్తే ఆ ముప్పై మూడూ చేతిబల్ల వాళ్ళు ఊరికే చేయాలి."

"డెబ్భై తొమ్మిదంటే కొనేవాడు పక్క వీధికి పోతాడు. మీకేం, ఆరున్నరకు రైలెక్కేస్తారు. రేపణ్ణుంచి చేతిబల్ల పనిలేక ఖాళీగా ఉంటే నేను చూసుకోవాలి."

మాట నిజమే. ఆమెకు కోపం రాలేదు. అయినా రెండోసారి అదే బల్లను అదే తప్పులోకి తోసి రైలెక్కడం తనవల్ల కాదు. టీ తాగి కప్పు బోర్లించింది.

"ఒక్క కాలు మీరు అతకండి. తర్వాత మీ ఇష్టం."

కె షావ్‌హోంగ్ కుర్రతనంలో విడిభాగాల దుకాణంలో రేడియోలు బాగుచేసినవాడు. ఆ సంగతి ఆయనకు ఎవరైనా గుర్తుచేస్తే చాలు, ఆగడు. చొక్కా చేతులు మడిచి చేతిబల్ల దగ్గర కూర్చున్నాడు. ఆడవాళ్ళు కిందచూపులు చూస్తూ నవ్వు దాచుకున్నారు. తెల్ల గుర్తు కాలి మీద ఐరన్ ఆనించి, ఐదు సెకన్లకే తీసేశాడు. టంకం కాలి మీద బఠాణీ గింజలా నిలబడింది. ఐలియన్ వేలితో కదిపితే కాలు ఊగింది.

"ఓనరుగారూ, ఈ చేతికి కూలి ఇవ్వను," అంది ఐలియన్.

ఈసారి ఎవరూ నవ్వు దాచుకోలేదు. ఆయన మళ్ళీ పెట్టాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. నుదుట చెమట పట్టింది. ఐరన్ స్టాండులో పెట్టి చొక్కా చేతులు దించుకున్నాడు.

"ఈ పదకొండు కాళ్ళ చుట్టూ రాగిలో నాలుగు గాట్లు పెట్టమని వాళ్ళ డిజైనరుకు చెప్పండి," అంది యాజెన్. "బొమ్మలో గీత మార్చడానికి ఖర్చేమీ ఉండదు. తర్వాతి లాటు నుంచి మీ కంప్యూటరు లెక్కే నిజమవుతుంది. ఈ రెండువేలకు మాత్రం బోర్డులు తయారై వచ్చేశాయి, డెబ్భై తొమ్మిదే."

ఆయన ఫోను తీసుకుని గదిలోకి వెళ్ళాడు. నాలుగు దాటింది, నాలుగున్నర అయింది. గాజు తలుపు వెనక ఆయన చెయ్యి ఊగుతూ కనిపించింది, కప్పులు కడుగుతూ కనిపించింది, మళ్ళీ ఊగింది. యాజెన్ సంచీ ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఈ రోజంతా ఆమె అడిగింది ఆ డెబ్భై తొమ్మిది ఒక్కటే.

ఆయన వచ్చి రెండు కాగితాలు ఆమె ముందు పడేశాడు. "కొనేవాడు గాట్లకు ఒప్పుకున్నాడు. ఈ లాటుకు అరవై చుక్కల ధర ఇస్తాడట, అంతకంటే పైసా పెట్టడట. పది నమూనాలు రేపు ఉదయానికే కావాలట." మొదటి కాగితం కొటేషన్, రెండోది చేతిబల్ల కూలి చీటీ. అందులో డెబ్భై తొమ్మిది రాసి సంతకం పెట్టి ఉంది, తేడా పంతొమ్మిదీ ఆయన జేబులోంచే. "మీకోసం కేకు తెప్పిద్దామనుకున్నా. ఇదిగో, ఇదే కేకు. ముక్కలు మీరే కొయ్యండి."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. "మరి రేపు వచ్చే బోర్డుల్ని వెలుతురుకు ఎవరు పడతారు?"

ఆయన చేతిబల్ల వైపు గడ్డం ఆడించాడు. "ధర చెప్పేముందు ఖాళీ బోర్డు ఆవిడ దగ్గరికి పంపిస్తా. ఎలాగూ నా చెయ్యి బాగోలేదని అందరికీ చెప్తుంది."

యాజెన్ ఐలియన్ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. బోర్డును ట్యూబులైటుకు పట్టి, వెలుతురు దిగేచోటూ దిగనిచోటూ పుల్లతో చూపించింది. మూడు నిమిషాల పని. తర్వాత కూడా లేవలేదు.

"ఐలియన్, ఆ వెల్డింగ్ మిషన్ బోర్డు... నువ్వు తిట్లు తిన్నది. అది నా లెక్క తప్పు."

ఐలియన్ టంకపు తీగ చుట్ట విప్పుతూనే ఉంది. "తెలుసు. చీటీ మీద నీ చేతిరాతే కదక్కా."

"మరి ఇన్నేళ్ళూ ఒక్కమాట కూడా అనలేదే?"

"మొదట్లో నిన్ను చూస్తే ఒళ్ళు మండేది. ఏదో రోజు మొహం మీదే అడుగుదామనుకున్నా. ఆ తర్వాత చూస్తే, ఒక్క బోర్డు కూడా నువ్వు దీపానికి పట్టకుండా పంపలేదు. ఇంకేం అడగను?" తీగ తెంచింది. "లే, రైలు పోతుంది. ఈ పది నమూనాలు నేను లేవకుండా చెయ్యాలి."

యాజెన్ ఆ తీగ ముక్క అడిగి తీసుకుంది. స్టూలు ఎక్కి, తెల్ల గుర్తుల బోర్డును బల్ల మీది ట్యూబులైటుకు కట్టి వేలాడదీసింది. కిందికి దిగి కుక్కరు పెట్టె చంకన పెట్టుకుంది.

"వస్తానే," అంది.

అప్పటికే ఐలియన్ ఐరన్ ఒక వేడి తాగే కాలి మీద ఉంది. టంకం పారేదాకా చెయ్యి తీయకూడదు, చూపూ తీయకూడదు. "ఆగక్కా, అయిపోతుంది," అంది తలెత్తకుండా. మిగతా ఏడుగురి తలలూ అలాగే వంగి ఉన్నాయి. పొగ సన్నగా లేచింది. టంకం కరిగి కాలి చుట్టూ పారి రెండోవైపుకు దిగింది.

ఐలియన్ తలెత్తేసరికి తలుపు మూసుకుంది, స్టూలు ఖాళీగా ఉంది. ట్యూబులైటు కింద బోర్డు తీగకు వేలాడుతూ ఇంకా మెల్లగా తిరుగుతోంది, ఆకుపచ్చ వెలుతురు మధ్యలో ఆ పదకొండు చోట్ల నల్లగా.