కార్డులోని వరదమ్మ

"వదినా, సంగటికి ఎసరు ఎంత పెట్టల్ల?" అని అడిగింది మునిలక్ష్మి.

చౌడేశ్వరమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే చెంబు చూపించి, రెండున్నర అని చెప్పింది. పాకాల నుంచి ఆ పిల్ల కోడలిగా వచ్చి ఐదు రోజులైంది. ఐదు రోజులుగా వదినా అనే పిలుస్తోంది. మొగుడి అక్కను అట్లాగే కదా పిలవాలి. అయితే చౌడేశ్వరమ్మ ఆ మొగుడికి అక్క కాదు, ఎనిమిదేళ్ళుగా పెళ్ళాం. ఆ కాలనీలో ఈ సంగతి తెలియనిది మునిలక్ష్మి ఒక్కదానికే.

పాకాలలో బంధువుల పెళ్ళి ఉంది, నువ్వు మగ్గాలు చూసుకో అని చెప్పి అత్త మునిరత్నమ్మ, మామ గంగులప్ప, మొగుడు జయరావు బస్సెక్కారు. పోయింది ముగ్గురు, మూడో నాడు దిగింది నలుగురు. అత్త ఆమెను పెరట్లోకి పిలిచి, పక్కింట్లో ఉప్పు అడిగినంత మామూలుగా చెప్పింది.

"సూడమ్మే, ఎనిమిదేండ్లయినా నీ కడుపు పండలేదు. మాకు వొంశం కావల్ల గదా. నిన్నేమన్నా తరిమేసినామా? తిండి ఉండాది, గుడ్డ ఉండాది. కార్డులో నువ్వు మా బిడ్డవే. అట్లే ఉండిపో. కోడలి కన్నా బిడ్డంటేనే ఎక్కువ గదా."

ఆ కార్డు కథ కొంచెం చెప్పుకోవాలి. గంగులప్ప వాళ్ళ తాత ఈ నగరి సీమ నుంచే సిలోను తేయాకు తోటలకు కూలికి పోయినవాడు. రెండు దేశాల ప్రభుత్వాలు ఒప్పందం చేసుకొని తోటల కూలీలను పంచుకున్నప్పుడు, మేము ఇండియాకే వస్తామని గంగులప్ప అర్జీ పెట్టాడు. అందులో తన పేరు, పెళ్ళాం పేరు, కొడుకు జయరావు పేరు, కూతురు వరదమ్మ పేరు రాయించాడు. ఆ అర్జీ ఏళ్ళ తరబడి నడిచింది. ఈలోగా వరదమ్మ జ్వరం వచ్చి చనిపోయింది. జయరావుకు పక్క తోటలోని చౌడేశ్వరమ్మతో పెళ్ళయింది. ఆమె పుట్టింటివాళ్ళు ఆ దేశంలోనే ఉండిపోతామని రాసుకున్నారు. తీరా ప్రయాణం దగ్గర పడ్డాక, కొత్త కోడలి పేరు ఎక్కించాలంటే మళ్ళీ మొదటి నుంచి అర్జీ పెట్టాలన్నారు. గంగులప్ప ఎక్కువ ఆలోచించలేదు. పోయిన బిడ్డ స్థానంలో కోడలిని నిలబెట్టి, కుటుంబం కార్డు కోసం ఫోటో తీయించాడు. "తాళి రైకలోకి దోపుకోమ్మా, ఒక్క నిమిషం" అన్నాడు.

ఆ ఒక్క నిమిషం ఎనిమిదేళ్ళయింది. పడవ దిగేటప్పుడు ఆమె వరదమ్మ. క్యాంపులో బియ్యం తీసుకునేటప్పుడు వరదమ్మ. ప్రభుత్వం ఇచ్చిన అప్పుతో కాలనీలో ఇల్లు, రెండు మర మగ్గాలు వచ్చాక ఆఫీసర్లు వచ్చిపోతుంటారని ఇంట్లో కూడా వరదమ్మే. మొదట్లో ఆ పిలుపు వినబడితే వెనక ఎవరైనా ఉన్నారా అని తిరిగి చూసేది. కోడి కూసే వేళకు లేచి కండెలు చుట్టడం, వంట, నీళ్ళు, మళ్ళీ కండెలు. ఆమె చుట్టిన నూలే మగ్గంలో ఆడి చీరె అయ్యేది. అయినా "ఇంట్లో కూర్చొని తినేదానికి ఏం కష్టం" అనేవాడు జయరావు. కాలనీలో చాలామంది కార్డుల్లో ఇట్లాంటి సర్దుబాట్లే ఉన్నాయి. ఒకరి కార్డు లాగితే పది కార్డులు కదులుతాయని ఎవరూ నోరు మెదపరు.

కోర్టుకు పోతానని ఆమె ఒక్కసారే అంది. జయరావు కోప్పడనైనా లేదు. లుంగీ బిగించుకుంటూ, వానొస్తుందేమో అన్నట్లు అన్నాడు.

"పో. కార్డు దొంగదని తెలిసిపోతాది. ఇల్లు పోతాది, మగ్గాలు పోతాయి. నీకు ఈ దేశంలో కాయితం యాడుండాది? మళ్ళా పడవెక్కిస్తారు. ఆడ కాల్చుకుంటా ఉండారంట. నీ ఇష్టం."

శుక్రవారం చౌడేశ్వరీ అమ్మవారి పటం ముందు దీపం పెడుతూ ఆమె చాలాసేపు కూర్చుంది. ఇన్నేళ్ళూ ఆమెకు ఒక భయం ఉండేది. పోయిన పిల్ల పేరు నేను మోస్తున్నానే, ఆ పిల్లకు కోపం వచ్చి నా కడుపు కట్టేసిందేమో అని. అందుకే ఏ వ్రతం చేసినా సగం పుణ్యం ఆ పిల్లకు ధారపోసేది. ఆ రోజు మాత్రం ఇంకొక ఆలోచన వచ్చింది. పేరు పోగొట్టుకున్నది ఆ పిల్ల, పేరు పోగొట్టుకున్నది నేను. ఫోటో తీయించింది మా ఇద్దరిలో ఎవరం కాదు కదా. మరి శిక్ష మాకెందుకు? అమ్మవారు ఏమీ చెప్పలేదు. కానీ దీపం కొండెక్కే వేళకు చౌడేశ్వరమ్మకు భయం కొంత తగ్గింది.

రెండు రోజుల తరువాత మునిలక్ష్మితో కలిసి సరుకులకు నగరి పోయింది. బస్టాండు గోడకు ఏదో కాగితం అంటించి ఉంది. చౌడేశ్వరమ్మ తోట బడిలో నేర్చింది అరవం, తెలుగు అక్షరాలు రావు. ఏడో తరగతి చదివిన మునిలక్ష్మికి గోడ మీద అక్షరం కనబడితే చదవకుండా ఉండలేని అలవాటు.

"స్త్రీలకు, పేదలకు ఉచిత న్యాయ సహాయం. చిత్తూరు కోర్టు ఆవరణలో ప్రతి శనివారం" అని గట్టిగా చదివింది. "ఊరికే చేస్తారంట వదినా. ఊరికే చేసే పని ఏం తెల్లారతాదిలే."

"ఇంకొకసారి చదువు" అంది చౌడేశ్వరమ్మ.

శనివారం కాణిపాకం మొక్కు ఉందని చెప్పి బయల్దేరింది. అబద్ధం చెప్పడం ఇష్టం లేక నిజంగానే కాణిపాకం పోయి, వినాయకుడికి టెంకాయ కొట్టి, అక్కడి నుంచి చిత్తూరు కోర్టుకు వెళ్ళింది. చిన్న గదిలో గోవిందస్వామి అనే పెద్ద వయసు ప్లీడరు కూర్చొని ఉన్నాడు.

"పేరు?" అన్నాడు.

"రెండుండాయి సామీ. ఏది చెప్పల్ల?"

ఆయన కలం ఆపి ఆమెను చూశాడు. "మీ అమ్మానాయన పెట్టింది చెప్పు."

ఎనిమిదేళ్ళలో ఆ పేరు అడిగినవాడు ఆయన ఒక్కడే. చౌడేశ్వరమ్మ అని రెండుసార్లు చెప్పింది. తరువాత అంతా చెప్పుకొచ్చింది. ఆఖరున, "నన్ను పడవెక్కిస్తారా?" అని అడిగింది.

"ఎవరమ్మా చెప్పింది? ఇండియా మనిషికి పెండ్లామైతే, నా పేరు కూడా ఈ దేశంలో రాసుకోండని అర్జీ పెట్టే హక్కు చట్టంలో ఉండాది. కాకపోతే పెండ్లామని ముందు తేలల్ల. నిన్ను కాపాడేది ఆ నిజమే. మొగుడు ఇంకొక పెండ్లి చేసుకున్నాడు కాబట్టి ఆ ఇంటికి పోకుండానే భరణం అడగొచ్చు. మీ మామ నోటితో ఒప్పుకుంటే తొందరగా తేలిపోతాది. లేకుంటే సాక్షులు, సిలోను కాయితాలు, ఏండ్లు పడతాది."

"ఇల్లు పోతాదా సామీ?"

"దానికి నేను పూచీ ఇవ్వలేను. తప్పు రాయించిన మనిషే దిద్దమని అడిగితే ఆఫీసరు కనికరించొచ్చు. నువ్వు మాత్రం నాకు పైసా ఇవ్వాల్సిన పని లేదు. నోటీసు పంపిస్తా."

ఆ సాయంత్రమే మునిలక్ష్మికి నిజం చెప్పేసింది. ఆ పిల్ల చేటలో బియ్యం అట్లాగే పట్టుకొని కూర్చుంది. "మా నాయనకు కార్డు చూపించి నమ్మించినారు గదా" అని మాత్రం అంది. తెల్లవారి తన పెట్టె తనే ఎత్తుకొని పాకాల బస్సెక్కింది. ఎక్కే ముందు వెనక్కి వచ్చి, "పోయొస్తా అక్కా" అంది.

ఇంట్లో రభస జరిగింది. చౌడేశ్వరమ్మ రెండు చీరెలు మూట కట్టుకొని, కాలనీ చివర చెంగల్రాయుడి మగ్గాల దగ్గర కూలికి చేరింది. చేసిన పని అవే కండెలు. కానీ సాయంత్రం ఆయన కూలి చేతిలో పెట్టినప్పుడు, పొరపాటున ఇచ్చాడేమో అని ఆమె ఒక క్షణం అక్కడే నిలబడింది.

పదిహేను రోజులకు నోటీసు అందుకొని అత్త, మామ, జయరావు చిత్తూరులో ప్లీడరు గదికి వచ్చారు. చౌడేశ్వరమ్మ అప్పటికే అక్కడ ఉంది. గోవిందస్వామి వాళ్ళు తెచ్చిన కార్డు తెరిచి చదివాడు.

"వరదమ్మ, కూతురు, పెండ్లి కాలేదు. అట్లే ఉంచుదామా గంగులప్పా? పోయినేడు మన రాష్ట్రంలో కొత్త చట్టం వచ్చింది. పెండ్లికాని ఆడబిడ్డకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా భాగం. ఇంట్లో, మగ్గాల్లో పంచాల్సొస్తాది మరి."

"అదెట్లా సామీ?" అని జయరావు ముందుకు వచ్చాడు. "ఇదేమన్నా మా అక్కనా?"

"కాకపోతే ఎవరబ్బా?"

పక్క బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మునిరత్నమ్మ కొడుకు మోచేతిని గిల్లింది. గంగులప్ప తల వంచుకొని తుండుగుడ్డ మడతలు సరిచేసుకుంటున్నాడు.

అప్పుడు చౌడేశ్వరమ్మ మామ దగ్గరకు వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"మామా, నాకు భాగం వద్దు. నేను మీ బిడ్డను కానని మీకూ తెలుసు, కాణిపాకం సామికీ తెలుసు. ఒకటే అడుగుతా. పెద్దల పండగకు మీ అమ్మకు చీరె పెడతారు, నాయనకు పంచె పెడతారు. వరదమ్మకు ఒక్క రైకగుడ్డ కూడా పెట్టలేదు. ఆఫీసర్లు చూస్తారని. ఆ బిడ్డ ఇంకా ఎన్నాళ్ళు బతికుండల్ల మామా, మన కోసరం?"

మునిరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరి ముందర వరదమ్మ కోసం ఆమె కంట నీరు రావడం అదే మొదటిసారి. గంగులప్ప తుండుగుడ్డతో ముఖం తుడుచుకొని, తుడుచుకొని, ఆఖరుకు అన్నాడు.

"నా బిడ్డ సచ్చిపోయి పదేండ్లాయ సామీ. జెరమొచ్చి పోయినాది. ఇది నా కోడలు. నేనే నిలబెట్టి పోటో తీయించినా. రాసుకోండి."

గోవిందస్వామి రాసుకున్నాడు. గంగులప్ప వేలిముద్ర వేశాడు. జయరావుకు అంతలో ఒక దారి తోచినట్లుంది. మెల్లగా దగ్గరికి జరిగి, అందరూ వినేటట్లు అన్నాడు.

"సరే సామీ, పెండ్లామే. కాదన్నదెవురు? ఆ పాకాల పిల్ల ఎట్లాగూ పోయింది. దీన్ని ఇంటికి రమ్మనండి. పాత మాదిరిగానే ఉంటాది."

"కండెలన్నీ అట్లే పడుండాయి" అంది మునిరత్నమ్మ, కళ్ళు తుడుచుకుంటూనే.

ఇట్లాంటి రాజీలు చాలా చూసినవాడు కాబట్టి గోవిందస్వామి ఇంకొక కాగితం తీశాడు. రాస్తూ పైకి చదివాడు. "భార్య అయిన చౌడేశ్వరమ్మ, భర్తతో కాపురానికి పోవడానికి ఇష్టపడి..."

చౌడేశ్వరమ్మ చెయ్యి చాపి, ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించింది. కలం ఆగిపోయింది.

"ఒక అబద్ధం కాయితం మీద ఎనిమిదేండ్లు బతికినా సామీ. ఇంకొకటి రాయొద్దండి."