పాలగల్లీ పేర్లు

బడి గోడకు అంటించిన ఓటర్ల జాబితాలో పాలగల్లీ వాళ్ల ముప్పై ఆరు పేర్లు కొట్టేసి ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా ఒకటే మాట: ఊరు వదిలి వెళ్లారు. నందిని వేలు పెట్టి చదువుతుంటే ఆమె అత్త లలితమ్మకు ఒళ్లు మండింది. నలభై ఏళ్లుగా బహదూర్‌పురాలో ఆ గల్లీలోనే బర్రెలు పిండుతున్న మనిషి ఆమె.

"ఎవడు రాసిచ్చిండు?"

"రామ్‌చందర్ సేటు. పేర్లు తీసెయ్యమన్న ఫారాలన్నిటి మీద ఆయన సంతకమే, అత్తా."

రామ్‌చందర్ బిల్డరు. గల్లీలోని బర్రెల కొట్టాల జాగా మీద కన్నేసి, ఈసారి కార్పొరేటర్‌గా నిలబడుతున్నాడు. ఆ ఫారాలపై విచారణకు ఉద్యోగి వచ్చిన మూడుసార్లూ పొద్దున్నే వచ్చాడు. ఆ వేళ గల్లీ అంతా ఇళ్లకు పాలు పోయడానికి పోతుంది. తాళాలు చూసి, రామ్‌చందర్ మాట రాసుకుని వెళ్లాడు. పేరు పోతే ఓటు పోతుంది, ఓటు పోతే కొట్టం పోతుంది. పేదల గల్లీకి బుల్‌డోజర్ కంటే ముందు కాగితం వస్తుంది.

అభ్యంతరం ఉన్నవాళ్లు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వార్డు ఆఫీసుకు వచ్చి చెప్పుకోవాలని జాబితా కింద రాసి ఉంది. రాకపోతే పేర్లు పోయినట్టే. నాలుగంటే పాలు పిండే వేళ.

"పిండకపోతే పొదుగులు వాస్తయి. ఎట్ల పోదం?" అన్నాడు పక్క కొట్టం బాలనర్సింహ.

"బర్రెలను తోల్కనే పోదం," అంది లలితమ్మ. " రాసిచ్చిన సేటు గూడ ఆడికి రావాలె. నా మొఖం జూసి చెప్పాలె, నేను లేనని."

శుక్రవారం ఆఫీసు గేటు ముందే బర్రెలను నిలబెట్టి పిండారు. మధ్యలో ఇరుక్కున్న కారులోంచి రామ్‌చందర్ దిగాడు. తెల్ల బూట్లు పేడలో దిగబడ్డాయి.

"ఏంది లలితమ్మా గీ లొల్లి?"

"ఎవరితోని మాట్లాడుతున్నవ్ సేటూ? మేం ఊర్ల లేం గద."

అందరూ నవ్వారు. లలితమ్మ నవ్వలేదు. "ఒక్కొక్కల మొఖం జూసి, లేరని చెప్పు. అందరికీ చెప్పినంకనే నీకు తొవ్వ ఇడుస్తం."

అతను ఫోన్ తీశాడు. పోలీసు వ్యాన్ వచ్చింది.

"రోడ్డు బంద్ జేసిండ్రు, కేసైతది," అంటూ ఎస్సై కాగితం తీశాడు. "పేరేంది? ఉండేది యాడ?"

లలితమ్మ ఒక్క క్షణం అతన్నే చూసింది. తర్వాత నిదానంగా, ఇంటి నంబరుతో సహా చెప్పింది. "మంచిగ రాయి సారూ. నువ్వు రాస్తే నేను ఈడ ఉన్నట్టే. నాకో నకలు గావాలె, లోపల సూపిస్త."

బాలనర్సింహ చెంబు కింద పెట్టాడు. "నాది గూడ రాయి."

అతని వెనక నందిని. ఆమె వెనక గల్లీ. వరుస రోడ్డు పొడుగునా సాగింది. ఎస్సై పెన్నుకు మూత పెట్టాడు. "ఇంతమంది మీద కేసేంది, పోండ్రి."

ఎవరూ కదల్లేదు.

"ముప్పై ఆరుగురం నీ కాగితం మీదికి ఎక్కేదాక పోం," అంది లలితమ్మ. రామ్‌చందర్ వైపు వేలు చాపింది. "ఆఖర్న వాని పేరు. అబద్ధం రాసిచ్చిండని మా అందరి కేసు."

ఎస్సై మళ్లీ మూత తీశాడు.