మూడో వరసలో నాలుగో మనిషి

ఉక్కు కర్మాగారంలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర ఇరవై ఏళ్ళు పొగ మింగిన జోగయ్యకు ఊపిరితిత్తులు మొరాయించాయి. తేలిక పని ఇవ్వమని డాక్టర్లు రాసిచ్చారు. అలా అతను భిలాయ్ టౌన్‌షిప్‌లోని చిన్న మ్యూజియానికి అటెండెంటుగా వచ్చాడు. పదింటికి తాళాలు తీయాలి, అద్దాల పెట్టెలు తుడవాలి, ఎవరూ దేన్నీ ముట్టకుండా చూడాలి, ఐదింటికి తాళాలు వేయాలి. అంతే పని.

ఉన్నవి మూడు గదులు. మొదటిదాంట్లో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసుకు ఎర్ర బల్బులు వెలిగే నమూనా. రెండోదాంట్లో, కర్మాగారం రాకముందు ఇక్కడున్న పల్లెల నుంచి తెచ్చిన నాగళ్ళు, ధాన్యం కొలతలు, తోలు చిరిగిన ఒక డోలు. మూడోది ఫొటోల గది. శనివారాలు బడిపిల్లలు గోలగోలగా వచ్చి, గోలగోలగా వెళ్ళిపోయేవారు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఫ్యాను గాలి కోసం ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు. మిగతా రోజుల్లో జోగయ్య స్టూలు మీద కూర్చుని తన దగ్గు తనే వింటూ ఉండేవాడు. ఇంటికి వెళ్ళినా అంతే. భార్య కనకరత్నం పోయి నాలుగేళ్ళయింది. పిల్లల్లేరు. రెండు గదులూ ఊడ్చుకోవడం దేనికని క్వార్టర్లో ఒకదానికి తాళం పెట్టేశాడు.

ఎనభై ఒకటి ఫిబ్రవరిలో ఓ గురువారం ఒకామె వచ్చింది. నలభై పైబడ్డ మనిషి. కనుబొమల్లో ఇంకా సిమెంటు దుమ్ము ఉంది. గుడికి వచ్చినట్టు చెప్పులు బయట విడిచి, ఫర్నేసు నమూనా వైపు చూడనైనా చూడకుండా నేరుగా మూడో గదిలోకి నడిచింది. అక్కడ గోడకు పెద్ద ఫొటో ఒకటుంది. యాభై ఎనిమిదిలో కర్మాగారానికి పునాదులు తవ్వేటప్పుడు తీసింది. ముందు కుర్చీల్లో ఇంజనీర్లు, వెనక నాలుగు వరసల్లో కూలీలు. కింద చీటీ మీద ఇంజనీర్ల పేర్లు మాత్రమే ఉన్నాయి.

ఆమె చెయ్యి ఫొటో మీదకు పోవడం చూసి జోగయ్య ముట్టుకోవద్దని, అలవాటుగా హిందీలో "హాథ్ మత్ లగావ్" అని కేకేశాడు.

"ఓలమ్మా!" అని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ ఒక్క మాటతో జోగయ్య గొంతు మారిపోయింది. "మనోళ్ళేనా? ఏవూరు మీది?"

"సీపురుపల్లి కాడ, బాబూ. పైడితల్లి నా పేరు. ఈ పక్క జాముల్ ఊర్ల సిమెంటు ఫేక్టరీకి బస్తాల పనికెల్తాను." ఆమె మళ్ళీ ఫొటో వైపు తిరిగింది. "మూడో వరసల నాలుగో మనిసి. తలపాగా సుట్టుకున్నాడు సూడు. మా ఇంటాయన, అప్పలసూరి. మొన్న జెండా పండక్కి కంట్రాకటరు మమ్మల్నందర్నీ లారీలో తెచ్చినప్పుడు, ఇక్కడ కనబడిపోనాడు."

జోగయ్య దగ్గరకెళ్ళి చూశాడు. ఎండకు కళ్ళు సగం మూసుకున్న సన్నటి కుర్రవాడు.

"ఇంట్లో ఫొటో నేదా?"

"యాడిది బాబూ? పెళ్ళయిన రెండేళ్ళకే కామెర్లొచ్చి ఎల్లిపోనాడు. ఇరవయ్యేళ్ళు దాటిపోనాది. గొంతు గుర్తుంది, నడక గుర్తుంది. ముకమే, ఎంత తలుసుకున్నా రాటం నేదు. మరి అలాటప్పుడు నేనేటి పెళ్ళాన్నని ఏడుపొచ్చీది."

ఆ తర్వాత ఆమె ప్రతి గురువారం వచ్చింది. ఆమెకు సెలవు రోజు అదే. రెండో వారం జోగయ్య తన స్టూలు తీసుకెళ్ళి ఫొటో ముందు వేశాడు. మూడో వారం ఎదురుగా ఉన్న బడ్డీ నుంచి రెండు గ్లాసుల చాయ్ తెచ్చాడు. కాసేపు ఫొటో చూసుకున్నాక ఆమె కబుర్లు చెప్పేది. ఎక్కువగా చీపురుపల్లి సంతవి. జోగయ్య కనకరత్నం గురించి చెప్పాడు. ఆమె చేసే ఉలవచారు గురించి, ఆఖరి రోజుల్లో అందరూ హిందీ మాట్లాడే ఆసుపత్రిలో ఒక్క ముక్కా అర్థంకాక తన చొక్కా పట్టుకుని వదలకపోవడం గురించి. ఇవన్నీ అతను అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఎప్పుడు మొదలైందో గానీ, ఆమె అతన్ని అన్నయ్యా అనసాగింది. అతను బుధవారం సాయంత్రాలు యూనిఫాం ఉతికి ఆరేసుకోసాగాడు.

వానలు మొదలయ్యే ముందు ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి జాతీయ మ్యూజియంలో కార్మికుల మీద పెద్ద ప్రదర్శన పెడుతున్నారు. భిలాయ్ నుంచి పన్నెండు వస్తువులు పంపమన్నారు. అందులో ఈ ఫొటో ఒకటి. తిరిగి వస్తుందో, అక్కడే ఉంచుకుంటారో తెలియదు.

గురువారం జోగయ్య ఈ సంగతి చెప్పగానే పైడితల్లి చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. "ఢిల్లీ ఏవేపుంటాది అన్నయ్యా?" అంది.

మర్నాడు జోగయ్య ధైర్యం చేసి ఛాయ అనే ఉద్యోగిని గదికి వెళ్ళాడు. మ్యూజియంలో వస్తువుల జాబితా రాసే అమ్మాయి ఆమె. తండ్రిది విజయనగరమే గానీ, పుట్టి పెరిగింది ఇక్కడే. తెలుగు తడుముకుంటూ మాట్లాడుతుంది. జోగయ్య చెప్పిందంతా విని కలం కింద పెట్టింది.

"అరే అంకుల్, ముందే చెప్పాలి కదా! ఇంతమందిలో ఒక్కరి పేరు కూడా లేదు రిజిస్టర్‌లో. ఆమెని తీసుకురండి. ఫొటో పంపే ముందు కాపీ తీస్తారు, ఇంకో ప్రింట్ వేయిస్తా. పక్కా." కొంచెం ఆగి అడిగింది. "మీరు కూడా అప్పుడే వచ్చారు కదా? ఇందులో మీరెక్కడ?"

"ఇందుల నాను లేనమ్మా. ఆ రోజు నాకు డ్యూటీ పడ్డాది."

గురువారం ఛాయ రిజిస్టర్ తెరిచి, పైడితల్లి చెబుతుంటే రాసుకుంది. అప్పలసూరి, ఊరు, తండ్రి పేరు. రెండు వారాలకు ప్రింటు వచ్చింది. ఛాయ ఒక్క అప్పలసూరి ముఖమే పెద్దది చేయించింది. పైడితల్లి దాన్ని రెండు చేతులతో అందుకుని, కొంగులో చుట్టి, పొట్టకు అదుముకుంది. "నీ రుణం తీర్సుకోలేనన్నయ్యా" అని వెళ్ళిపోయింది. ఆ వేళ చాయ్ కూడా తాగలేదు.

తర్వాతి గురువారం ఆమె రాలేదు. వాన కాబోలు అనుకున్నాడు. ఆ పై గురువారమూ రాలేదు. ఢిల్లీ పోయే పెట్టెలు లారీ ఎక్కాయి. గోడ మీద ఫొటో ఉన్నచోట సున్నం తెల్లగా మిగిలింది. మూడో గురువారం రెండు చాయ్‌లు తెచ్చి, రెండూ తనే తాగాడు. ఒంట్లో బాగోలేదేమో, ఎవరు చూస్తారు ఆమెను అని మనసు పీకింది.

సోమవారం మ్యూజియానికి సెలవు. పొద్దున్నే సైకిలెక్కి, ఆమె పనిచేసే జాముల్ వెళ్ళి వాకబు చేశాడు. పైడితల్లి గుడిసె గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నిక్షేపంలా ఉంది. ముఖం కాస్త తేటపడింది కూడా.

"ఏటన్నయ్యా, ఇలగొచ్చినావు?"

జోగయ్య సైకిలుకు స్టాండు వేశాడు. "ఉతై ఎల్తన్నాను. దారి గదా అని..." అన్నాడు.

ఉతై ఉన్నది భిలాయ్‌కి ఆ చివర. జాముల్ ఈ చివర. పైడితల్లి ఒక్క క్షణం అతని వంక చూసింది. లోపలికి పిలిచి, పీట వేసి, బెల్లం చాయ్ పెట్టింది. గోడకు అప్పలసూరి ఉన్నాడు. కుంకుమ బొట్టు, పక్కనే చిన్న దీపం.

"పనికెల్లేముందు సెప్పెల్తన్నాను. వొచ్చాక కూకుని మాటాడుకుంటన్నాను" అంది నవ్వుతూ. "ఇంకక్కడికెందుకన్నయ్యా, ఆయన ఇంటికొచ్చీసినాడు గదా."

"అవునమ్మా" అన్నాడు జోగయ్య. చాయ్ బాగుందని చెప్పాడు. "మల్లీ రా అన్నయ్యా" అని ఆమె సందు చివరి దాకా వచ్చి సాగనంపింది. మనసారానే అంది. కానీ ఏ రోజని ఆమె చెప్పలేదు, అతను అడగలేదు.

టౌన్‌షిప్ మలుపు దగ్గర సైకిలు ఆపాడు. ఎడమకు తిరిగితే ఇల్లు. అబద్ధమాడానే అనిపించింది. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళూ లేరు. తిన్నగా ఉతై వైపే తొక్కాడు. మధ్యాహ్నానికి ఆయాసపడుతూ ఉతై చేరాడు. అక్కడ అతనికి ఒక్కరూ తెలియదు. సంతలో కాసేపు తిరిగి, అవసరం లేకపోయినా పావుకిలో వంకాయలు కొన్నాడు. అమ్మే ముసలమ్మ తూస్తూ తూస్తూ ఛత్తీస్‌గఢీలో అడిగింది, ఎవరింటికొచ్చావు నాయనా అని.

"ఎవరింటికీ కాదమ్మా. ఊరికే" అని చెప్పి, ఎండ తగ్గేదాకా ఆమె గోనెపట్టా పక్కన నీడలో కూర్చున్నాడు.