ద్రాక్ష పిప్పి

నానిన ద్రాక్షను మగ్దలేనమ్మ అప్పటికే రెండుసార్లు కడిగింది. గిన్నె వంచి మళ్లీ నీళ్లు ఒంపుతూ, అడుగున మిగిలిన తొడిమలను వేళ్లతో ఏరుతోంది. రాత్రంతా నానిన నల్ల ఎండుద్రాక్ష ముడతలు విడిచి, నిగనిగలాడుతూ ఉబ్బి ఉంది. పొయ్యి మీద నీళ్లు సలసలమన్నాయి. కొంగు నడుముకు దోపుకొని ద్రాక్షంతా అందులోకి ఒంపింది. నడుముకున్న తాళంచెవుల గుత్తి పొయ్యి గట్టుకు తగిలి గలగలమంది. ఒకటి గుడి తలుపుది, ఒకటి గిలాసల పెట్టెది, తుప్పుపట్టిన పెద్దది సమాధుల తోట గేటుది.

నెలలో మొదటి ఆదివారం చర్చి గుడిలో ప్రభు సంస్కారం, అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. ముందురోజు రసం తీయడం ఆమె పని. కొత్త కోడలుగా శ్రీరాంపూర్ వచ్చినప్పుడు అప్పటి పాస్టరు అయ్యగారి భార్య నేర్పింది. అయ్యగార్లు మారారు, గుడి పైకప్పు మారింది, ఆమె జుట్టు నెరిసింది. రసం తీసే చెయ్యి మాత్రం మారలేదు. ఎడమ మణికట్టు మీద ఆవిరి కొట్టిన మచ్చ ఒకటి నల్లగా, ద్రాక్షగింజంత ఉంటుంది. ఊడ్చేదీ, బెంచీలు తుడిచేదీ, చిన్న చిన్న గాజు గిలాసలు కడిగి బోర్లించేదీ ఆమే. ఆదివారం గుడిలో అందరికంటే వెనక వరసలో కూర్చునేదీ ఆమే.

ముందు వసారాలో నులక మంచం కిర్రుమంది. దగ్గు వినిపించింది. ఆ దగ్గు ఎంతసేపు సాగుతుందో, ఎక్కడ ఆగి మళ్లీ మొదలవుతుందో ఆమెకు తెలుసు. ఆగేదాకా గరిటె కదపకుండా నిలబడింది.

"ఏమే, పొయ్యి మీదికెక్కించినవా?" అన్నాడు అబ్రహాం.

"ఎక్కించిన. నీకెందుకు? వాసన పీల్చినవని తెలిస్తే మీ బ్రదర్ ఊకుంటడా?"

"వాసనకు ఏ సంఘం లేదు తియ్యి."

ఆమెకు నవ్వొచ్చింది. కానీ 'ఏమే' అన్న పిలుపు దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. పిలగాడు వెస్లీ పుట్టిన దగ్గరనుంచి ఆయన ఆమెను వాడి తల్లిగా 'వెస్లీ అవ్వా' అనే పిలిచాడు. ఆమెకూ ఆయన వాడి తండ్రిగా 'వెస్లీ బాపు'. నాలుగేళ్ల పిలగాడు జ్వరంతో పోయినా ఆ పిలుపులు పోలేదు. తర్వాత మహిమ పుట్టి, పెరిగి, పెళ్లయి భైంసా పోయినా పోలేదు. ఈ ఎండాకాలంలోనే పోయింది, ఆయన నోట్లోంచి.

అబ్రహాం బొగ్గుబాయిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. పొడుగు మనిషి, ఎప్పుడూ వంగి నడవడంతో వీపు అలాగే వంగిపోయింది. మెడ వెనక గీతల్లో బొగ్గు ఎంత రుద్దినా పోని నలుపుగా మిగిలిపోయింది. రిటైరైనాక ఊపిరితిత్తుల్లో పేరుకున్న బొగ్గుదుమ్ము జబ్బై బయటపడింది. ఆ వానాకాలం గుడికి అయ్యగారు లేడు. పాతాయన బదిలీ అయ్యాడు, కొత్తాయన రాలేదు. సంఘంలో ఒక్కరూ గడప తొక్కలేదు. వచ్చింది లక్ష్మీరాజం బ్రదర్. నస్పూర్‌లో పంక్చర్ దుకాణం నడుపుతూ వేరే సహవాసానికి పెద్దగా ఉండే మనిషి. రోజూ చీకటిపడే వేళకు తడుస్తూ వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చొని, టైరు మసి అంటిన చేతులతో అబ్రహాం చేతులు పట్టుకొని ప్రార్థించేవాడు. ఆ మాట ఒప్పుకోవాలి. అబ్రహాం లేచి తిరిగాడు. లేచినవాడు నేరుగా గోదావరిలోకి దిగి ఆ సహవాసంలో మళ్లీ బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజు గట్టు మీద తువ్వాలు పట్టుకొని నిలబడింది మగ్దలేనమ్మే. మనిషి బతికాడు, ఏ నీళ్లయితేనేం అనుకుంది.

తర్వాత అసలు మాటలు వచ్చాయి. దేవుని అధికారం ఒక్క తమ సహవాసానికే ఉందట. తక్కినవి మనుషులు కట్టుకున్నవట. అబ్రహాం ముందు గుడికి రావడం మానేశాడు. ఆ తర్వాత పిప్పి మానేశాడు.

రసం దేవునిది, పిప్పి ఇంటిది. ఇది వాళ్లింటి పద్ధతి. రసం వడగట్టినాక గుడ్డలో మిగిలిన పిప్పిలో కాస్త బెల్లం కలిపి స్టీలు గిన్నెలో పెట్టేది. షిఫ్టు దిగి వచ్చినాయన నల్లటి మొహంతోనే గిన్నె ముందు కూర్చొనేవాడు. సగం తిని, సగం ఆమెకు ఉంచి, బొటనవేలితో మధ్యన గీత గీసేవాడు. పిలగాడు ఉన్న రోజుల్లో గీతలు రెండు, వాటాలు మూడు. వాడి పెదాలు మర్నాటి దాకా ఊదారంగులోనే ఉండేవి. "గుడిల నవ్వకురా, దొరికిపోతవ్" అనేవాడు తండ్రి.

రెండేళ్లుగా గిన్నెలో గీత లేదు. సగం తను తిని, మిగిలింది కోళ్లకు వేస్తోంది.

ద్రాక్ష పగిలి రసం చిక్కటి ఎరుపుకు తిరిగింది. దించి, గుడ్డ పరిచి, వడగట్టడానికి కూర్చుంది. అబ్రహాం గోడ పట్టుకుంటూ వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నాడు. అంత దూరానికే ఆయాసం వచ్చింది.

"నిన్న బ్రదర్ చెప్పిండు. మా సంఘపోళ్లకు గోదారి దిక్కు జాగ తీసుకున్నరట. పోయినోళ్లను అందరినీ ఒక్కతాన పెడ్తరట."

"మంచిదే గద."

"మంచిదే. కని, వాడక్కడ లేడు గద."

ఆమె గుడ్డ పిండడం ఆపింది. ఈ ఎండాకాలంలో ఆయన లక్ష్మీరాజం బ్రదర్‌ను ఏదో అడిగాడని, ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదని మాత్రమే ఆమెకు తెలుసు. ఏమడిగాడో ఇప్పుడు అర్థమైంది.

"పిలగాని సంగతి అడిగినవా ఆయనను?"

"అడిగిన."

"ఏమన్నడు?"

"గుడిల వానికేసిన నీళ్లకు అధికారం లేదన్నడు. లెక్కకు రాదన్నడు." ఆయన గడప చెక్కను గోటితో గీకాడు. "మరి వాడేడున్నడు బ్రదర్ అన్న. వాక్యం చదువుకో అన్నడు. గప్పటి సంది నీ మొఖం చూసి వాని పేరు తీయబుద్ధైతలేదు."

మగ్దలేనమ్మకు పిలగాడి బాప్తిస్మం రోజు కళ్ల ముందుకొచ్చింది. తెల్ల చొక్కా, నెత్తి మీద మూడు చుక్కలు పడగానే కెవ్వున ఏడుపు. ఆ గిన్నెలో నీళ్లు పోసింది తనే.

"నల్లా నీళ్లు పోసిన ఆనాడు" అంది. "మన నల్లాలకొచ్చేది ఏ నీళ్లు? గోదారియే గద. నువ్వు ఏటికి పోయి మునిగినవ్. వాడు పసివాడని ఏరు తానే వాని కాడికొచ్చింది. గంతే."

అబ్రహాం గడప గీకడం ఆపాడు. "బాయిల పైకప్పు కూలినప్పుడు గట్లనే ఉంటుండె" అన్నాడు. "ఎవడు ఏ సంఘమో దానికి ఎరుక లేదు. అందరం ఒక్క దేవున్నే పిలుస్తుంటిమి." దగ్గు వచ్చింది. తగ్గినాక మెల్లగా అడిగాడు. "నేను పోతే వాని పక్కన పెట్టనిస్తరా మీ అయ్యగారు? అడుగుతవా?"

"అడుగుత. నువ్వు ముందు ఆ గాలిల కూసోకు, లోపటికి రా."

గుడి రెండు వీధుల అవతల. రసం జగ్గుకు మూత పెట్టి, కొంగు చుట్టి పట్టుకొని నడిచింది. గుడి వెనక, పొద్దునే ఆమె గేటు తెరిచిపెట్టిన సమాధుల తోటలో ముత్తయ్య గడ్డి కోస్తున్నాడు. గుంతలు తవ్వేదీ ఆయనే. గోడవారగా వెస్లీ సమాధి, సున్నం వేసిన చిన్న దిమ్మె. పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఎవరూ అనుకోకుండానే ఇన్నేళ్లూ అందరూ దాన్ని వదిలేశారు. జగ్గు కింద పెట్టకుండానే వంగి ఒక గడ్డిపరక పీకింది.

పాతాయన తర్వాత వచ్చిన జోయల్ అయ్యగారు గుడిలో బల్ల మీద తెల్లగుడ్డ సరిచేస్తున్నాడు. ముప్పై దాటని మనిషి. ఆమె గిలాసలు తీసి, వేడినీళ్లలో ముంచి, ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి చెక్కపళ్లెం రంధ్రాల్లో నిలబెట్టింది. అన్నీ అయినాక ఆయన దగ్గరికి వచ్చింది.

"అయ్యగారూ, జర ఒక్క మాట."

"చెప్పమ్మా."

"మా ఆయన పోతే పిలగాని పక్కన జాగ ఇస్తరా?"

"ఇప్పుడెందుకమ్మా గా మాట? మంచిగైతడు."

"మంచిగైతే మంచిదే. ఇస్తరా?"

ఆయన గుడ్డ అంచు వదిలేశాడు. "ఆయన మన బాప్తిస్మం కాదన్నడు గదమ్మా. వచ్చి సంఘం ముంగట నిలబడి తప్పైందని ఒప్పుకుంటే చేర్చుకుంటం. అప్పుడు ఏ అడ్డం లేదు. దేవుడిచ్చిన అధికారం ఒక క్రమంగ మన సంఘానికొచ్చింది. కాదన్నోళ్లకు తోటల జాగ ఇస్తే రేపు క్రమమే ఉండది."

"లక్ష్మీరాజం బ్రదర్ కూడ గదే చెప్తుండు అయ్యగారూ."

"ఏమని?"

"అధికారం మాకే ఉన్నదని."

"వాళ్లది వేరమ్మా." ఆయన మొహం ఎర్రబడింది.

"ఉండచ్చు. గిలాసలు కడిగేదాన్ని, నాకేం ఎరుక?" చేతిలోని తడిగుడ్డను మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. "కని ఒకటి చెప్పున్రి. ఆ వానాకాలం ఆయనకు ఊపిరి ఆడక నేను తలుపు దిక్కు చూస్తుంటే ఎవలు రాలే. మీరింక ఈ ఊరికి రాలే, మిమ్ముల అంటలేను. ఆ పంక్చర్లేసేటాయన వచ్చిండు. ఆయన దేవున్ని పట్టుకొచ్చిండనే అనుకున్న. అదే ఆయన నా పిలగాన్ని దేవుని దగ్గరి నుంచి ఎల్లగొడ్తుండు. మీరేమో పిలగాన్ని ఉంచుకొని తండ్రిని ఎల్లగొడ్తున్రు. ఇద్దరి దగ్గర ఉన్నది ఒక్క దేవుని అధికారమేనా?"

జోయల్ అయ్యగారు తెల్లగుడ్డ అంచును మళ్లీ సరిచేశాడు. "రేపు ఆరాధన అయినంక ఇంటికొస్తనమ్మా. ఆయనతోని మాట్లాడ్త" అన్నాడు చివరికి. ఆ మాటలో కపటం లేదని ఆమెకు తెలిసింది.

"రాన్రి. చాయ పెడ్త."

ముత్తయ్య వెళ్లిపోయాక తోట గేటుకు తాళం వేసి, దారి పొడుగునా ఆమె ఒకటే ఆలోచించింది. నిలబడి తప్పు ఒప్పుకోమని ఆ మనిషికెలా చెప్పడం? నిలబడడానికే ఊపిరి చాలదు. ఏది తప్పు? బతకడమా?

ఇంటికొచ్చేసరికి అబ్రహాం మంచం మీద గోడకు ఆనుకొని ఉన్నాడు. పెదాలు నీలంగా కనిపించాయి.

"ఏమన్నడు?"

"ఇస్తరట" అంది, చెప్పులు విప్పుతూ.

"ఏమడగకుంటనేనా?"

"ఏమడగలే. మీ జాగనే గదా అన్నడు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నెమ్మదిగా ఒక నవ్వు మొహమంతా పరుచుకుంది. "అబద్ధమాడుడు ఇంకా నేర్వలే నువ్వు, వెస్లీ అవ్వా."

ఆమె చేతిలోని చెప్పు జారి కిందపడింది. ఆ పిలుపు ఇంకోసారి వినపడుతుందేమోనని కదలలేదు.

"పిప్పి ఉన్నదా, కోళ్లకేసినవా?"

"ఉన్నది."

"తే. ఆకలైతుంది."

వంటింట్లో గుడ్డ విప్పి పిప్పంతా స్టీలు గిన్నెలోకి దులిపింది. బెల్లం చిదిమి కలిపింది. తొందరలో సగం కింద రాలింది. ఆయన గిన్నె ఒళ్లో పెట్టుకొని, వేళ్లతో కొంచెం కొంచెం తీసుకొని, పళ్లు లేని చిగుళ్ల మధ్య చాలాసేపు చప్పరించాడు. పొద్దున పిండిన ద్రాక్షలో మిగిలిన కాస్త తడి ఆయన పెదాల నీలం మీద ఊదారంగుగా అంటింది.

"మీ బ్రదర్‌కేం చెప్తవ్?"

"వెస్లీ బాపు తిన్నడని చెప్త." మరో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "జర చేదున్నదే. బెల్లంల పిసినారితనం చేసినవ్."

"ఆగు, తెస్త."

వంటింట్లోకి వెళ్లి డబ్బా మూత తీసింది. గట్టిపడిన బెల్లాన్ని రోకలి అంచుతో కొట్టింది. వసారాలో దగ్గు మొదలైంది, సాగింది, ఎప్పుడూ ఆగేచోట ఆగింది. మళ్లీ మొదలవ్వాల్సిన చోట మొదలవ్వలేదు. బెల్లం ముక్క పట్టుకొని ఆమె కాసేపు అలాగే చెవి ఒగ్గి నిలబడింది. తర్వాత బయటికొచ్చింది.

ఆమె కేకలు పెట్టలేదు. పక్కింటి అనసూర్య అప్పడాలు ఎండబెట్టుకోవడానికి వచ్చి, మంచం కాడ నేల మీద కూర్చున్న మగ్దలేనమ్మను, ఆమె ఒళ్లో ఉన్న అబ్రహాం చేతిని చూసి, అప్పడాల చాట అక్కడే వదిలేసింది. ఏడ్చింది. ముక్కు చీదుకొని, మహిమకు ఫోన్ చేసింది. ఆ తర్వాత ఫోన్ చేతిలోనే పట్టుకొని అడిగింది.

"ఇంక ఎవలకు చెప్పాలె వదినా? మీ గుడాయనకా, అన్న పోతుండే సంఘపోళ్లకా?"

మగ్దలేనమ్మ నడుము దగ్గర గుత్తి తడుముకుంది. తుప్పుపట్టిన పెద్ద తాళంచెవిని వలయం నుంచి విడదీయబోతే గోరు విరిగింది. తీసి అనసూర్య చేతిలో పెట్టింది.

"ఇద్దరికీ చెప్పు. వస్తే ఇద్దరూ రాని, ఎవలకు తెల్సిన ప్రార్థన వాళ్లు చెయ్యని. నువ్వు మాత్రం ముందుగాల ఇది ముత్తయ్యకియ్యి. తోట గేటుది. వాని పక్కన తవ్వుమను."

"అయ్యగారు ఏమన్నా అంటే?"

"నన్నడుగుమను."

అనసూర్య పరుగున వెళ్లింది. వాకిట్లో దండెం మీద వడగట్టిన గుడ్డ ఎర్రగా ఆరుతోంది. మగ్దలేనమ్మ ఆయన చేతిని మెల్లగా మంచం మీద పెట్టి, మొహం తుడవడానికి కొంగు తడపబోయి ఆగింది. పెదాల మీది ఊదారంగును అలాగే వదిలేసింది.

మంచం కోడు పక్కన స్టీలు గిన్నె ఉంది. సగం ఖాళీ. మిగిలిన సగం ఒక పక్కకు నెట్టి ఉంది. ఆ పిప్పి మీద ఆయన బొటనవేలితో గీసిన గీతలు ఉన్నాయి, రెండు.