ఆమెకేం సంబంధం?

కంపెనీని మూసేసే కేసులో ఆ రోజు యంత్రాల అమ్మకానికి కోర్టు అనుమతి ఇవ్వాలి. తన భర్తను చంపిన బాయిలర్‌ను పరీక్షించకుండా అమ్మొద్దని, తన మాట కూడా వినాలని ఆ కంపెనీలో పనిచేసిన ఫిట్టర్ భార్య పిటిషన్ వేసింది.

కోర్టు మెట్ల మీద కంపెనీ యజమాని బావమరిది ఆమెను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. "ఈ కేసుతో నీకేం సంబంధమే?" అంటూ కాగితాలు లాక్కోబోతే, ఆమె అతని చెయ్యి నెత్తురొచ్చేలా కొరికింది. అతను ఆమె కడుపులో తన్నాడు. జనం విడదీశారు.

నుదురు చిట్లి నెత్తురు కారుతుండగానే ఆమె లోపలికి నడిచింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు జడ్జి.

"కంపెనీకి పరాయిదాన్నే అయ్యా. ఆ బాయిలర్ పేలి మా ఆయన ఉడికిపోయాడు. దాన్ని తుక్కు చేస్తే తప్పెవరిదో ఎలా తేలుతుంది?"

జడ్జి బాయిలర్ అమ్మకం ఆపి, ఆమె గాయం ఎవరి పనో అడిగి తెలుసుకుని, ఆ బావమరిదిని పట్టుకోమని పోలీసులకు చెప్పాడు. అప్పుడామె బెంచీ మీద కూలబడి బోరుమంది.